రీఫిల్ అని రాసినంత మాత్రాన కాన్సన్‌ట్రేట్ అయిపోదు

సూపర్ మార్కెట్లో ఫ్లోర్ క్లీనర్లున్న వరసలో ఇప్పుడు పౌచుల హడావుడి బాగా పెరిగింది. పైన ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద పెద్దక్షరాలతో "రీఫిల్". ప్లాస్టిక్ తగ్గించేశామన్న తృప్తితో జనం బుట్టలో వేసుకుంటున్నారు. అయ్యా, ఆ పౌచ్ ఒక్కసారి వెనక్కి తిప్పి, బకెట్‌కి ఎంత వేయమన్నాడో చూడండి. సీసా మీదున్న కొలతే పౌచ్ మీదా ఉంటే అది కాన్సన్‌ట్రేట్ కాదు, అంటే ఇంట్లో నీళ్లు కలుపుకుని వాడే చిక్కటి క్లీనర్ మందు కాదు. అదే సరుకు, తొడుగు మారిందంతే.

ఇళ్లలో వాడే ఫ్లోర్ క్లీనర్‌లో, గ్లాస్ క్లీనర్‌లో, హ్యాండ్‌వాష్‌లో సింహభాగం నీళ్లే. ఆ నీళ్లను ఫ్యాక్టరీలో నింపి, లారీ ఎక్కించి, మన ఊరి దాకా మోసుకొచ్చి, మనింటి కుళాయి పక్కన పెడుతున్నారు. కాన్సన్‌ట్రేట్ వల్ల లాభమంతా ఈ మోత తప్పడంలోనే ఉంది. పలచటి మందునే పౌచ్‌లో పోసి అమ్మితే ప్లాస్టిక్ బరువు తగ్గే మాట నిజమే, కాదనను. కానీ గట్టి సీసా అడుగున త్రికోణంలో 2 అని ఉంటుంది చూడండి, దాన్ని పాత సామాన్లవాళ్లు తూకానికి కొంటారు, కరిగించి మళ్లీ వాడతారు. చాలా పౌచులు రెండు మూడు రకాల పొరలు అతికించి చేసినవి. వాటిని విడదీయడం కష్టం, అందుకే కొనే నాథుడుండడు. స్వచ్ఛ ఆటోలో పొడిచెత్త వైపు వేసినా వాటికి పెద్ద గతి పట్టేది తక్కువే.

అసలైన కాన్సన్‌ట్రేట్‌ను గుర్తుపట్టడానికి లీటరు ధర పనికిరాదు, బకెట్ ధర లెక్కేయాలి. ఉదాహరణకు, లీటరు సీసా 200 రూపాయలు, బకెట్‌కి 40 మి.లీ. అనుకుందాం. 25 బకెట్లొస్తాయి, బకెట్‌కి 8 రూపాయలు. 200 మి.లీ. కాన్సన్‌ట్రేట్ 150 రూపాయలు, బకెట్‌కి 5 మి.లీ. చాలంటే 40 బకెట్లు, బకెట్‌కి నాలుగు రూపాయలు కూడా పడదు. షాపులో చిన్న డబ్బా చూసి "అమ్మో, ఇంత రేటా" అని పెట్టేసేవాళ్లు ఈ భాగహారం చేయనివాళ్లే.

సరే, కొన్నారు. ఇక్కడే అసలు తంటా. మనవాళ్లకు కొలత అంటే "ఒక చుట్టు తిప్పి పోయడం". పలచటి మందుతో అలవాటైన చెయ్యి కాన్సన్‌ట్రేట్‌నూ అలాగే వంచుతుంది. 5 పోయాల్సిన చోట 30 పడుతుంది. నేల జిగటగా తయారవుతుంది, చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలు పట్టేస్తుంది, ఆ జిగటకే దుమ్ము అంటుకుని మర్నాటికి ఇంకా మురికిగా కనబడుతుంది. "ఈ మందు బాగాలేదు" అని తీర్పు. మందు బానే ఉంది, ఎక్కువైంది. నురగ రాకపోతే శుభ్రం కాలేదనుకోవడం ఇంకో జబ్బు. తుడిచే మందుకి నురగ అక్కర్లేదు.

డబ్బా మూతని కొలతగా నమ్మొద్దు, ఒక్కో డబ్బాది ఒక్కో సైజు. దగ్గు మందుతో వచ్చే గీతల కప్పు గానీ, 10 మి.లీ. సిరంజి గానీ ఒకటి దీనికే కేటాయించి, దారంతో డబ్బాకి కట్టేయండి. దాన్ని మళ్లీ మందులకు వాడకూడదు. డబ్బా మీద 1:20 అని ఉంటే ఒక పాలు మందుకి 20 పాళ్ల నీళ్లు, లీటరు నీళ్లకి 50 మి.లీ. 1:40 అయితే 25. ఇంకో మెలిక: కొన్ని కాన్సన్‌ట్రేట్లు నేరుగా బకెట్లో వేసేవి. తెల్ల ఫినాయిల్ కాన్సన్‌ట్రేట్ లాంటివి ముందు సీసాలో కలిపి మామూలు ఫినాయిల్ చేసుకుని, దాన్నుంచి బకెట్‌కి కొంచెం తీసుకునేవి. డబ్బా మీదున్న నిష్పత్తి ఈ రెండింట్లో దేనికో చదవకుండా మొదలుపెట్టొద్దు.

ఎప్పుడైనా నీళ్లు ముందు, మందు తర్వాత. మందు ముందు పోస్తే సీసా మెడదాకా నురగ లేచి సగమే నిండుతుంది. నీళ్లు కూడా ఏవో ఒకటి కాదు. కుళాయిల మీద తెల్లగా గార కట్టే బోరు నీళ్లలో తెల్ల ఫినాయిల్ కలిపితే పాలలా రావాల్సింది విరిగి, పైన నూనె తెట్టు తేలుతుంది. దాన్ని ఎంత ఊపినా లాభం లేదు. ఫిల్టర్ నీళ్లతో కలపండి. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పులన్నీ చేరేది అందులోనే. వాటిని ఉట్టి తుడుపుకి వాడుకోండి. ఇంకో సంగతి, మందుని పలచన చేసినప్పుడు అందులోని చెడిపోకుండా కాపాడే పదార్థమూ పలచనవుతుంది. నెలల తరబడి నిలవుంచితే హ్యాండ్‌వాష్ లాంటివి వాసనొస్తాయి, తీగలు సాగుతాయి. రెండు మూడు వారాలకు సరిపడా కలుపుకుని, సీసా కడిగి ఆరబెట్టాకే మళ్లీ నింపండి. అడుగున మిగిలిన పాతదాని మీద కొత్తది పోయకండి.

ఇక మన ఇళ్లలో రోజూ జరిగే ఘోరం: బకెట్లో లైజాల్ ఒక మూత, దాని మీద సర్ఫ్ ఒక గుప్పెడు. "రెండూ వేస్తే ఇంకా బాగా పోతుంది కదా". పోదు. లైజాల్‌లో క్రిములను చంపేది బెంజాల్కోనియం క్లోరైడ్. అది ధనావేశం ఉన్న పదార్థం, బట్టల పొడిలో మురికి తీసేది రుణావేశం ఉన్నది. రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుని, ఇదీ పనిచేయదు, అదీ పనిచేయదు. గిన్నెలు కడిగే లిక్విడ్ సీసాని సరిగా కడక్కుండా ఇలాంటి ఫ్లోర్ క్లీనర్ నింపినా ఇదే కథ. నేల బాగా మురికిగా ఉంటే ముందు సర్ఫ్ నీళ్లతో తుడిచి, ఉట్టి నీళ్లతో ఒకసారి తుడిచి, ఆ తర్వాత క్రిమిసంహారిణి.

ఇంకొందరు వెనిగర్, నిమ్మఉప్పు, పండ్ల తొక్కలు పులియబెట్టిన బయో ఎంజైమ్ అంటూ వీడియోలు పంచుతారు. అవన్నీ పులుపు సరుకు. కుళాయి మీద గారకి నిమ్మఉప్పు నీళ్లు భేషుగ్గా పనిచేస్తాయి, ఒప్పుకుంటా. కానీ తాండూరు బండలు, షాబాద్ బండలు, వంటింటి గట్టు మీది కడప రాయి, ఇవన్నీ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే రాయే కరుగుతుంది. మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి, అవి తుడిస్తే పోవు, పాలిష్ పెట్టించాల్సిందే. పాలరాయికీ అదే గతి.

కాన్సన్‌ట్రేట్‌ను మంచినీళ్ల సీసాలోకో కూల్‌డ్రింక్ సీసాలోకో మార్చేవాళ్లకి దండం. తెల్ల ఫినాయిల్ పాలలా, రంగు క్లీనర్ షర్బత్‌లా ఉంటుంది, పిల్లలకేం తెలుస్తుంది? పలచటిదానికన్నా ఇది ఎన్నో రెట్లు ఘాటు. వచ్చిన డబ్బాలోనే, పైఅరలో ఉంచండి. ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంటే ఇంకా ప్రమాదం. డబ్బా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. కలిపిన సీసా మీద మందు పేరు, కలిపిన తేదీ మార్కర్‌తో రాయండి.

నన్నడిగితే, అంట్ల సబ్బు బిళ్ల, బట్టల పొడి, ఇవి ముందునుంచీ నీళ్లు లేని సరుకే. వాటిని వదిలేసి పెద్ద పెద్ద లిక్విడ్ క్యాన్లకి మారినవాళ్లు, ఇప్పుడు చెత్త తగ్గించాలని రీఫిల్ పౌచుల కోసం వెతుకుతున్నారు! మీ ఇంట్లో బిళ్లతో పని జరుగుతుంటే ఏ రీఫిలూ కొనక్కర్లేదు.

టాయిలెట్ క్లీనర్‌ని మాత్రం ఈ ప్రయోగాల జోలికి తేవద్దు. అది చిక్కగా ఉండేది గోడకి పట్టుకుని కాసేపు నిలవడానికే, నీళ్లు కలిపితే జారిపోతుంది. చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాని ఖాళీ సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోశారా, క్లోరిన్ వాయువు లేస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ సీసా ఒక్కదాన్నీ మళ్లీ నింపకుండా, కడిగి పాత సామాన్లకి వేసేయండి.