బండి మనది, గుట్టు వారిది

లక్షలు పోసి కారు కొన్నవారికి కంపెనీ ఇచ్చేది యజమాని పుస్తకం ఒక్కటే. టైర్లలో గాలి ఎంత ఉండాలో, ఏ మీట ఎందుకో అందులో ఉంటుంది. ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో, ఏ వైరు ఎక్కడికి పోతుందో, లోపాలు చూపే స్కానర్‌లో కనిపించిన కోడ్ వెనుక అసలు లోపమేమిటో చెప్పే వర్క్‌షాప్ మాన్యువల్ మాత్రం చాలావరకు అధీకృత సర్వీస్ సెంటర్ గడప దాటి రావడం లేదు. ఇది తప్పని, మార్కెట్లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ తేల్చి పదేళ్లు దాటినా ఈ దాపరికం కొనసాగుతుండటం సిగ్గుచేటు.

2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544.65 కోట్ల జరిమానా విధించింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకూ అందుబాటులో ఉంచాలని, బయట బాగుచేయించినంత మాత్రాన వారంటీ రద్దవుతుందని గుండుగుత్తగా షరతు పెట్టరాదని ఆదేశించింది. ఆ తరువాత చర్చ ఎక్కువగా జరిమానా చుట్టూనే తిరిగింది. 2016లో అప్పిలేట్ ట్రైబ్యునల్ కొన్ని కంపెనీలకు దానిని తగ్గించింది కూడా. మాన్యువల్ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇంతకంటే మండిపడవలసింది కంపెనీల రెండు నాల్కల తీరుపై. ఐరోపాలో యూరో 5, యూరో 6 కాలుష్య పరిమితులు విధించిన 2007 నాటి నిబంధనలే మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు ఇచ్చి తీరాలని కూడా చెప్పాయి. అక్కడి మెకానిక్ గంటకో, రోజుకో, నెలకో రుసుము కట్టి ఆ సమాచారాన్ని చూసుకోగలడు. అక్కడ చట్టానికి తలవంచి పుస్తకం తెరిచే కంపెనీలకు ఇక్కడ అదే పుస్తకం వ్యాపార రహస్యమైపోతుంది. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. యూరో 6ను అనుసరించి రూపొందించిన బీఎస్-6 పరిమితులను 2020 ఏప్రిల్ 1 నుంచి పట్టుబట్టి అమలు చేసినవారు, మరమ్మతు సమాచారం ఇప్పించే దగ్గరకు వచ్చేసరికి ఆ పట్టుదలలో పిసరంత కూడా చూపలేదు.

భద్రత, మేధోసంపత్తి దెబ్బతింటాయన్నది కంపెనీల వాదన. మేధోసంపత్తికి రుసుము తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. భద్రత మాట వారు ఎత్తకపోవడమే మంచిది. మోటారుతో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న అనేక కార్లలో వెనుక బ్రేకు ప్యాడ్లు మార్చాలన్నా ముందుగా ఆ బ్రేకును సర్వీస్ మోడ్‌లో, అంటే మరమ్మతుకు వీలైన స్థితిలో పెట్టాలి. ఆ పద్ధతి తెలియకుండా పని మొదలుపెడితే బ్రేకు మోటారే పాడు కావచ్చు. సరైన పుస్తకం దొరకనప్పుడు విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డుకైనా, పల్లెలోని చిన్న మెకానిక్‌కైనా మిగిలేది ఫోన్లలో చేతులు మారే పీడీఎఫ్‌లే. అవి మరో దేశపు మోడల్‌వో, మరో ఇంజిన్‌వో తెలుసుకునే దారి కూడా వారికి ఉండదు. ఈ ప్రమాదాన్ని సృష్టించినది దాపరికమే తప్ప మెకానిక్ కాదు.

2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరిట పోర్టల్ తెరిచి చేతులు దులుపుకొంది. కంపెనీలు ఇష్టమైతే చేరేది హక్కు ఎలా అవుతుంది? సహేతుకమైన రుసుముకు వర్క్‌షాప్ మాన్యువల్ ఇవ్వని మోడల్‌కు అమ్మకపు అనుమతి లేదని నిబంధన రాయడానికి కేంద్రానికి అడ్డేమిటో చెప్పాలి. కాలుష్య పరిమితి దాటిన కారును ఆపగల ప్రభుత్వం, పుస్తకం దాచిన కంపెనీని ఆపలేనంటే నమ్మడానికి ఇక్కడ ఎవరూ సిద్ధంగా లేరు.