ఎన్ని ఉతుకులకో చెప్పి అమ్మండి

వాషింగ్ మెషిన్ కొనడానికి వెళితే షాపులో చాలా సంగతులు చెబుతారు. ఎన్ని కిలోలు పడుతుంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఎన్ని స్టార్లు, వైఫై ఉందా, ఆవిరితో క్రిములు చస్తాయా అన్నీ వివరిస్తారు. ఎన్నేళ్లు పనిచేస్తుందో మాత్రం చెప్పరు. గట్టిగా అడిగితే తలుపు మీది స్టిక్కర్ చూపిస్తారు. దాని మీద పెద్ద అక్షరాలతో 10 ఏళ్ల వారంటీ అని, కింద చిన్న అక్షరాలతో మోటారుకు అని ఉంటుంది. కొనేవారు పెద్ద అక్షరాలు చదివి డబ్బు కట్టేస్తారు. నాలుగో ఏటో అయిదో ఏటో బోర్డు పోయి మెషిన్ కదలకుండా కూర్చున్నప్పుడే ఆ చిన్న అక్షరాలు కంటపడతాయి.

మోటారు అంత తేలిగ్గా పోయే వస్తువు కాదు. ఇప్పుడొస్తున్న ఇన్వర్టర్ మోటార్లలో బ్రష్‌లు ఉండవు కాబట్టి అరిగేది ఇంకా తక్కువ. కొన్ని మోడళ్లకు 20 ఏళ్లు కూడా రాసిచ్చే ధైర్యం కంపెనీలకు అందుకే వచ్చింది. ఇళ్లలో నిజంగా పోయేవి వేరే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ బోర్డు, డ్రమ్ము బేరింగు, దాని ఆయిల్ సీలు, మురికినీళ్లు తోసే పంపు, నీళ్లు లోపలికి వదిలే వాల్వు, ఫ్రంట్ లోడ్‌లో అయితే తలుపు చుట్టూ ఉండే రబ్బరు. వీటికి మామూలుగా రెండేళ్లే వారంటీ. పోని దానికి పదేళ్లు, పోయేదానికి రెండేళ్లు! పైగా మోటారు నిజంగానే పోయినా చాలా వారంటీల్లో కొత్త మోటారు మాత్రమే ఉచితం. టెక్నీషియన్ రావడానికి, దాన్ని బిగించడానికి చార్జీలు మనవే.

మరి ఇంట్లో వాడే వాషింగ్ మెషిన్ ఎంతకాలం రావాలి? పెద్ద రిపేరు అవసరం లేకుండా ఏడెనిమిదేళ్లు, ఒకటి రెండు రిపేర్లతో పదేళ్లకు తగ్గకుండా రావాలని మా అభిప్రాయం. ఇదేమీ అత్యాశ కాదు. జర్మనీ పర్యావరణ శాఖ సంస్థ చేయించిన అధ్యయనం ప్రకారం అక్కడి పెద్ద గృహోపకరణాలను మొదట కొన్నవారు సగటున వాడిన కాలం 2004లో 14.1 ఏళ్లు, 2012 నాటికి 13 ఏళ్లు. అదే కాలంలో, పాడైపోయి అయిదేళ్లలోపే మార్చాల్సి వచ్చిన వాటి వాటా 3.5 శాతం నుంచి 8.3 శాతానికి పెరిగింది. ఆయుష్షు తగ్గుతోందని అక్కడ గగ్గోలు పుట్టింది ఈ అంకెలు చూసే. అదే దేశపు కంపెనీ మీలే తన మెషిన్లను 20 ఏళ్ల వాడకానికి సరిపడా పరీక్షిస్తామని ప్రకటించుకుంటుంది. వాటి ధర మన మధ్యతరగతికి అందేది కాదు, నిజమే. కానీ గట్టి మెషిన్ చేయడం సాధ్యం కాదన్న వాదన మాత్రం నిలబడదు.

అయితే ఏళ్లతో కొలిస్తే మన ఇళ్లకు అన్యాయమే జరుగుతుంది. యూరప్‌లో పాత ఎనర్జీ లేబుల్ ఒక కుటుంబం ఏడాదికి 220 సార్లు ఉతుకుతుందని లెక్కగట్టేది. ఆ లెక్కన పదేళ్లకు 2,200 ఉతుకులు. మన దగ్గర అత్తమామలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో మెషిన్ రోజూ తిరుగుతుంది. ఎండాకాలం చెమటకు, పిల్లల యూనిఫాంలకు, చంటిబిడ్డ ఉంటే పొత్తిగుడ్డలకు కొన్ని రోజులు రెండేసి సార్లు తిప్పక తప్పదు. రోజుకొక్కసారి చొప్పున చూసినా ఆ 2,200 ఆరేళ్లలో అయిపోతాయి. ఒక్కరే ఉంటూ వారానికి రెండుసార్లు ఉతుక్కునే ఉద్యోగికీ ఆరుగురున్న కుటుంబానికీ ఒకే రెండేళ్ల వారంటీ ఇవ్వడంలో అర్థం లేదు. కార్ల వారంటీలో ఏళ్లతో పాటు కిలోమీటర్లు కూడా రాస్తారు. వాషింగ్ మెషిన్‌కు ఉతుకుల సంఖ్య రాయడానికి అడ్డేమిటి? ఎన్నిసార్లు తిరిగిందో గుర్తుపెట్టుకోవడం లోపల ఉన్న బోర్డుకు పెద్ద పని కాదు. కనీసం 2,500 ఉతుకులకు హామీ ఇవ్వలేని మెషిన్‌ను కుటుంబాల కోసమని ప్రచారం చేసి అమ్మకూడదు.

ఇక నీళ్ల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో మెషిన్లకు అసలు శత్రువు బోరు నీరు. తాగునీటిలో మొత్తం కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం లాంటి లవణాల పాళ్లు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. హైదరాబాద్ శివారు అపార్టుమెంట్లలో వేసవి వస్తే ట్యాంకర్ దించే నీరు ఏ బోరుదో, అందులో ఉప్పెంతో అడిగేవారే ఉండరు. ఆ నీటితో హీటర్ కాయిల్ మీద సున్నంలా పొర కడుతుంది. వాల్వు మూతి దగ్గరి సన్నటి జాలీలో ఇసుక పేరుకుంటుంది. సబ్బు నురగ రాదు కాబట్టి పౌడర్ ఇంకో గుప్పెడు పడుతుంది. ఆ పౌడరంతా కలిసి డ్రమ్మును వెనక నుంచి పట్టుకునే అల్యూమినియం చట్రాన్ని తినేస్తుంది. సీలు అరిగి నీళ్లు బేరింగులోకి దిగాక స్పిన్ తిరిగేటప్పుడు వచ్చే చప్పుడుకు పక్కింటివాళ్లు కూడా లేస్తారు. ఇదంతా ఇక్కడ అమ్మే ప్రతి కంపెనీకీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ పొరను వదిలించే డీస్కేలింగ్ పౌడర్ ప్యాకెట్లు అమ్ముతున్నాయి. వారంటీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉప్పు నీటి వల్ల వచ్చిన లోపం తమది కాదంటాయి. ఈ నీటికి తట్టుకోని మెషిన్‌ను ఈ ఊళ్లో అమ్మడం ఎవరి నిర్ణయం?

వాడేవారి తప్పు లేదని మేము అనడం లేదు. ఆరు కిలోల మెషిన్‌లో రెండు డబుల్ కాట్ దుప్పట్లు కుక్కేవారున్నారు. స్టెబిలైజర్ ఎందుకులే అనుకునేవారున్నారు. వెనక పక్క ఎలుకలు వైర్లు కొరికేదాకా అటు తొంగిచూడని ఇళ్లకూ కొదవ లేదు. కానీ ఈ తప్పులు ఒక మెషిన్ ఆయుష్షులో రెండేళ్లు తగ్గిస్తాయేమో. రిపేరుకు లొంగకుండా తయారుచేస్తే మిగతా ఆయుష్షంతా పోతుంది.

అసలు పేచీ అక్కడే ఉంది. పాత రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషిన్‌ను వీధి చివరి మెకానిక్ ఒక స్క్రూడ్రైవర్, ఒక పానాతో విప్పేవాడు. బెల్టు, కెపాసిటర్, టైమర్, బ్రేక్ వైరు ఏది పోయినా కొద్ది వందలతో పని అయ్యేది. అవి పదిహేనేళ్లు తిరిగిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పటి ఫ్రంట్ లోడ్ మెషిన్లలో కొన్నింటికి బయటి ప్లాస్టిక్ తొట్టి రెండు ముక్కలనూ కరిగించి అతికేస్తున్నారు. లోపలి బేరింగు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ షాపులోనైనా దొరికే మామూలు సైజుదే కావచ్చు. కానీ దాన్ని చేరాలంటే తొట్టిని కోయాలి. అందుకని కంపెనీ మొత్తం తొట్టినే మార్చమంటుంది. బోర్డు కథ కూడా ఇంతే. తేమ తగలకూడదని దాని మీద గట్టి జిగురు పోస్తారు. ఆ రక్షణ అవసరమే. కానీ కింద కాలిన చిన్న రిలేను, అంటే కరెంటును కలిపి తెంచే స్విచ్చును, మార్చడానికి ఆ జిగురు అడ్డం. కోఠి గుజరాతీ గల్లీలో అలాంటి రిలే కొనుక్కోవడం ఎంతసేపు? అయినా బోర్డు బోర్డంతా కొనాల్సిందే. దాని ధర వినగానే ఇంటివారు నీరుగారిపోతారు. ఆ సమయానికే టెక్నీషియన్ ఫోన్‌లో ఎక్స్‌చేంజ్ ఆఫర్ సిద్ధంగా ఉంటుంది. లేదంటే ‘ఆ మోడల్ ఆగిపోయిందండీ, పార్టు రాదు’ అన్న మాట ఎలాగూ ఉంది. ఇక ఇంటర్నెట్‌లో సర్వీస్ సెంటర్ నంబరు వెతికి నకిలీ కస్టమర్ కేర్ చేతిలో పడి డబ్బు పోగొట్టుకున్నవారి టెన్షన్ వేరే.

యూరోపియన్ యూనియన్ ఈ పేచీని చట్టంతో తేల్చింది. 2021 మార్చి 1 నుంచి అక్కడ ఒక వాషింగ్ మెషిన్ మోడల్‌ను మార్కెట్లో పెట్టడం ఆపేసిన తర్వాత కూడా పదేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. అడిగిన 15 పనిదినాల్లో పంపాలి. మామూలు పనిముట్లతో మార్చడానికి వీలుండాలి. 2024లో తెచ్చిన మరో చట్టం ప్రకారం వారంటీలో ఉన్న వస్తువును మార్చుకోకుండా రిపేరు చేయించుకుంటే ఇంకో ఏడాది హామీ కలుస్తుంది. ఫ్రాన్స్ మరో అడుగు ముందుకేసి 2025 ఏప్రిల్ నుంచి వాషింగ్ మెషిన్ ఎంత మన్నుతుందో పదికి మార్కులు వేసి షాపులో కనపడేలా పెట్టిస్తోంది. స్వీడన్ 2017లో ఇంటికొచ్చి ఉపకరణం బాగుచేసినవారి కూలిలో సగం పన్ను మినహాయింపు ఇచ్చింది. మన దగ్గర కొత్త మెషిన్ మీదా, పాతదాని రిపేరు కూలి మీదా ఒకటే జీఎస్టీ, 18 శాతం.

మన ప్రభుత్వం ఏమీ చేయలేదనలేం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, వాహనాలతో పాటు గృహోపకరణాలనూ జాబితాలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. తర్వాత వేసిన మరో కమిటీ 2025 మేలో రిపేరు సూచీ మీద నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, రిపేరు సమాచారం ఇస్తున్నారా వంటి వాటికి మార్కులు వేసి అమ్మే చోటే చూపాలన్నది సారాంశం. మంచి మాట. కానీ ముందు ఫోన్లు, ట్యాబ్లెట్లకే అంది. ఫోన్ పాతదైతే మోజు తీరి మార్చేవారు చాలామంది. వాషింగ్ మెషిన్‌ను మోజు తీరి మార్చేవారు ఎంతమంది ఉంటారు? అది ఆగిపోతేనే మారుస్తారు. అలాంటప్పుడు ఏది ముందుండాలి?

వస్తువు ఎన్నేళ్లు మన్నుతుందో లెక్కగట్టడం కష్టమని అధికారులు అనడానికి కూడా వీల్లేదు. ఆ పని వారు ఇప్పటికే చేస్తున్నారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల కింద ప్రతి వస్తువుకూ ఒక సగటు ఆయుర్దాయం ఉంది. ఒక కంపెనీ అన్నేళ్ల క్రితం అమ్మిన సరుకు బరువును బట్టి ఈ ఏడాది ఎంత రీసైకిల్ చేయించాలో నిర్ణయిస్తారు. మొదట 60 శాతం, ఇప్పుడు 70, 2027-28 నుంచి 80 శాతం. మెషిన్ ఎప్పుడు చెత్తవుతుందో కంపెనీకి తెలుసు, ప్రభుత్వానికి తెలుసు. డబ్బు పెట్టి కొన్నవారికి తప్ప. ఆ అంకెను స్టార్ లేబుల్ పక్కన అచ్చువేయించడానికి కొత్త కమిటీ అక్కర్లేదు.

అప్పటిదాకా ఇంట్లో మెషిన్ ఆగినప్పుడు ఏం చేయాలి? పంపు, వాల్వు, తలుపు రబ్బరు, బెల్టు లాంటివి పోతే మెషిన్ వయసు ఎంతైనా రిపేరే మేలు. బోర్డు గానీ తొట్టి గానీ పోయి, ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే అప్పుడు వయసు చూడాలి. ఆరేళ్లలోపు అయితే బయటి మెకానిక్‌తో ఒకసారి బోర్డు విప్పించి చూపించకుండా పారేయవద్దు. పదేళ్లు దాటితే దాని పని అది చేసేసినట్టే. కొత్తది కరెంటు ఆదా చేస్తుందన్న మాటకు మాత్రం తొందరపడి లొంగనక్కర్లేదు. వాషింగ్ మెషిన్ కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాచడానికే పోతుంది. మన ఇళ్లలో చాలామంది ఉతికేది చన్నీళ్లతోనే. వారంటీ అయిపోయిందని నోరు మూసుకోవాల్సిన పని కూడా లేదు. తయారీలోనే లోపం ఉందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల దాకా కొన్న వస్తువులకు ఫీజు లేదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి.

రాష్ట్రాలు చేయగలిగిందీ ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 5,000 కోట్ల రూపాయలతో ఎల్‌జీ కంపెనీ పెడుతున్న ఫ్యాక్టరీకి 2025 మే 8న శంకుస్థాపన జరిగింది. అక్కడ ఏటా 8.5 లక్షల వాషింగ్ మెషిన్లు తయారుచేసే సామర్థ్యం ఉంటుందని చెప్పారు. ఇలాంటి పరిశ్రమలకు ఆహ్వానం పలికే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ మెషిన్ల విడిభాగాలు పదేళ్లపాటు విజయవాడలో, విశాఖలో, కర్నూలులో ఎవరికైనా అమ్మే డిపోలు పెట్టమని కూడా అడగాలి. ఎవరికైనా అంటే అధికారిక సర్వీస్ సెంటర్‌కే కాదు, వీధి మెకానిక్‌కూ అని. కార్ల విడిభాగాలను బయటి మార్కెట్‌కు దక్కనివ్వలేదన్న ఫిర్యాదుపై 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. గృహోపకరణాల విషయంలో అంతదాకా పోనవసరం లేకుండా ముందే ఒప్పందంలో రాసుకోవచ్చు. రెండు రాష్ట్రాల ఐటీఐల్లోనూ గృహోపకరణాల మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఇప్పటి ఇన్వర్టర్ బోర్డులు, వాటి సర్క్యూట్ పటాలు కంపెనీలే ఇవ్వాలని షరతు పెట్టవచ్చు. కేంద్రం వాషింగ్ మెషిన్లను రిపేరు సూచీలో చేర్చేదాకా తెలుగు రాష్ట్రాలు ఆగాల్సిన అవసరం లేదు.