సివిల్ చదివి ట్యూరింగ్ అవార్డు దాకా

తిరుపతిలో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ రోజులొస్తే ఇంటింటా ఒకటే టెన్షన్: సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు వస్తుందా, రాదా? సివిల్ వచ్చిందంటే పిల్లాడి భవిష్యత్తు పోయినట్టే లెక్క. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు చదివింది ఆ సివిలే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. తర్వాత ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చేసి, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం చేశారు. ఆపైన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వెళ్లి, కృత్రిమ మేధ పరిశోధకుడు జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ పొందారు. మనిషి మాటను యంత్రం ఎలా గుర్తుపట్టగలదన్న ప్రశ్నను ఆయన ఏళ్ల తరబడి వదల్లేదు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి, కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

కాబట్టి బ్రాంచి పేరు మనిషిని పరిశోధకుణ్ణి చేయదు. గణితంలో గట్టి పునాది, జవాబు తెలియని లెక్క ముందు ఓపికగా కూర్చోవడం, ఈ రెండూ డిగ్రీలోనే అలవడాలి. మన కాలేజీల్లో రెండోదానికి చోటు లేకుండా పోతోంది.

ఓ కాలేజీలో ఫైనల్ ఇయర్ వైవాకు కూర్చున్నాను. నల్ల అట్ట, బంగారు అక్షరాల బైండింగుతో ప్రాజెక్ట్ రికార్డులు వరుసగా పేర్చి ఉన్నాయి. మూడు బ్యాచ్‌లవి ఒకే ప్రాజెక్టు, ఒకే కోడ్. ఒకమ్మాయిని 'ఈ డేటా ఎక్కడిది?' అని అడిగితే తలవంచుకుంది. ప్రాజెక్ట్ సెంటర్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్నారని అందరికీ తెలుసు. ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. బ్యాక్‌లాగ్‌లు, ప్లేస్‌మెంట్ కోచింగ్, అటెండెన్స్ మధ్య ఆమెకు సొంత ప్రశ్న వెతుక్కునే తీరిక ఎవరిచ్చారు?

పిల్లలకు ఆ తీరిక ఇవ్వడం మన ఊళ్లో సాధ్యం కానిదేమీ కాదు. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ తిరుపతి ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు ఉంది, చివరి ఏడాది పరిశోధనకే. అన్ని కాలేజీలూ అంత చేయలేవు, ఒప్పుకుంటాను. అయినా మూడో ఏడాది నుంచే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఒక లెక్చరర్‌కు అప్పగించి, వారానికో గంట కూర్చోబెట్టవచ్చు. ఆ గంటను లెక్చరర్ వర్క్‌లోడ్‌లో కలపాలి, లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. ఫలితం రాకపోయినా, ఎందుకు రాలేదో రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయాలి.