మెడ దాకా ఇసుక, ఆ పైన కబుర్లు

నిప్పులు కక్కే డ్రాగన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. అది నోరు తెరవగానే పరుగెత్తాలని ఎవరికైనా తోస్తుంది. కూర్చోబెట్టి కబుర్లు చెప్పే డ్రాగన్‌తోనే చిక్కంతా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో అలాంటి జాతి ఒకటుంది. దాన్ని ఇత్తడి డ్రాగన్ అంటారు. కంచు మోగినట్టు కనకం మోగదని మన పెద్దలు చెప్పారు గానీ, ఇత్తడి ఎలా మోగుతుందో చెప్పకుండా వదిలేశారు. బహుశా వాళ్ళకు ఈ ఆట తెలియకపోవడం వల్ల కావచ్చు. ఇది 1974లో అమెరికాలో పుట్టింది.

తెలియనివారికి రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. డంజన్ మాస్టర్ అనే ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. తలపెట్టిన పని అవుతుందా కాదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇందులో రంగుల డ్రాగన్లు దుర్మార్గులు, లోహాల డ్రాగన్లు మంచివాళ్ళు. బంగారం, వెండి, కంచు, రాగి, ఇత్తడి అని లోహాలు ఐదు. 2014 నాటి పుస్తకం ప్రకారం మొదటి మూడు జాతులకూ పెద్దరికం రాగానే వేషం మార్చే విద్య పట్టుబడుతుంది. మనిషి కావచ్చు, మృగం కావచ్చు. రాగికీ ఇత్తడికీ మాత్రం 800 ఏళ్ళు నిండాలి. ఒక్కసారి ఆలోచించండి. పుట్టుకతోనే మాటల పిచ్చి ఉన్న ప్రాణి ఎనిమిది శతాబ్దాలు కబుర్లు కూడబెట్టుకుంటుంది. ఎదుటివాళ్ళు తనను చూడగానే పారిపోతుంటే గుడ్లప్పగించి చూస్తుంది. ఆ తరువాత ఒకనాడు ఎవరూ పారిపోని ఆకారం దాని చేతికొస్తుంది. ఇంతకంటే అన్యాయమైన వరం పురాణాల్లో కూడా ఎవరికీ దొరికి ఉండదు.

ఆదివారం సాయంత్రాలు అక్కయ్య వాళ్ళింట్లో మా ఆట. డంజన్ మాస్టర్ నా మేనల్లుడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బావ మరుగుజ్జు యోధుడు. బ్యాంకులో రోజంతా తగ్గి మాట్లాడతాడు కాబట్టి ఇక్కడ గొడ్డలి పట్టుకుంటాడు. అక్కయ్య దొంగ. కింది వాటాలో ఉండే సంస్కృతం లెక్చరరు గారు మంత్రగాడు. నేను గాయకుణ్ణి. పాడమని ఎవరూ అడగరు, అదొక్కటే నా అదృష్టం.

ఎడారి దాటుతూ నీళ్ళ కోసం ఒక బావి దగ్గర ఆగాం. గట్టు మీద పిల్లి ఉందన్నాడు మేనల్లుడు. అంతటితో ఊరుకోకుండా అది చెవి గోక్కుంటోందనీ, ఎండకు ఒక కన్ను మూసుకుందనీ వర్ణించాడు. కథ చెప్పేవాడు పిల్లి చెవి దాకా వెళ్ళాడంటే అది ఉత్త పిల్లి కాదని నాకు అనుమానం వచ్చింది. నేను నోరు తెరిచేలోపే బావ "ప్రయాణంలో పిల్లి ఎదురైతే అపశకునం" అంటూ గులకరాయి విసిరాడు. పాచిక మీద 17 పడింది. దెబ్బ 4.

ఈ ఆటలో మామూలు పిల్లికి ప్రాణం 2. కాబట్టి ఆ రాయికి రెండు పిల్లులు పోవాలి.

"పిల్లి మిమ్మల్నే చూస్తోంది" అన్నాడు మేనల్లుడు.

"చావలేదా?"

"చూస్తోంది అన్నాను కదా నాన్నా."

బావకు అహం దెబ్బతింది. గొడ్డలి తీశాడు. "పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలండీ, మన దగ్గరున్నవి నలభై నాణేలు" అని అక్కయ్య మొత్తుకుంటున్నా వినలేదు. ఈసారి దెబ్బ 9. మేనల్లుడు అడ్డుగా పెట్టుకున్న అట్ట వెనక ఏదో తీసివేత లెక్క చేశాడు. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి కాగితం కనబడింది. 297 లోంచి 4, అందులోంచి 9, మిగిలింది 284. అంత ప్రాణమున్న పిల్లి బావి గట్టున కూర్చుని తోక నాకుతోంది.

అప్పుడు అది మాట్లాడింది.

"ఈ రాయి మన వైపుది కాదే. ఎక్కడిది నాయనా?"

బావ నిటారుగా అయ్యాడు. "ఒరేయ్, అది మా అమ్మ గొంతు."

"డ్రాగన్ ఎవరి గొంతుతో మాట్లాడాలో పుస్తకంలో లేదు నాన్నా."

"డ్రాగనా?"

మేనల్లుడు నాలుక కరుచుకున్నాడు. ఎన్ని వేషాలు మార్చినా చివరికి గుట్టు రట్టయ్యేది నడిపించేవాడి నోటితోనే.

లెక్చరరు గారు న్యాయం అడిగారు. "పోయినసారి నేను ఒక బందిపోటును మంత్రంతో మేకగా మారిస్తే, మేక మాట్లాడకూడదన్నావు. ఇప్పుడు పిల్లి ఎలా మాట్లాడుతోందయ్యా?" ప్రశ్న సబబైనదే. పాలిమార్ఫ్ మంత్రం తగిలినవాడికి మాట పోతుంది. ప్రకృతి శక్తులతో మంత్రాలు నడిపే డ్రూయిడ్లు మృగరూపం ఎత్తినా అంతే. కానీ డ్రాగన్‌ది మంత్రం కాదు, సొంత విద్య. మేనల్లుడు పుస్తకం తిప్పి చదివి వినిపించాడు. కొత్త ఆకారంలో ఏమేమి నిలుస్తాయంటే ప్రాణం, తెలివి, స్వభావం, వాక్కు. తక్కినవన్నీ ఆకారాన్ని బట్టే. రెక్కలు పోతాయి, పొలుసులు పోతాయి, నోట్లోంచి వచ్చే నిప్పు కూడా పోతుంది. మాట మాత్రం పోదు. పోవాల్సింది అదొక్కటే కదా అని నా బాధ.

"నిప్పు పోతుందా? అయితే భయమెందుకు? పదండి" అన్నాడు బావ.

పిల్లి వదల్లేదు. "గొడ్డలి బాగుంది నాయనా. చేయించారా, కొన్నారా? తాతగారిదా? తాతగారు ఉన్నారా? అయ్యో, ఎప్పుడు పోయారు? ఏ గనిలో చేసేవారు? కర్మకు ఎవరెవరు వచ్చారు?" మొదటి రెండింటికీ బావ మర్యాద కోసం జవాబిచ్చాడు. మూడో దానికి మరుగుజ్జుల వంశవృక్షం కల్పించడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక పినతాత పేరు రెండు రకాలుగా చెప్పి దొరికిపోయాడు. "ఇందాక వేరే పేరు చెప్పారే?" అంది పిల్లి. తెలివి కూడా పోదని చెప్పాను కదా.

తప్పించుకోవాలంటే రహస్యంగా మాట్లాడుకోవాలి. అక్కయ్య పాత్రకు దొంగల సంకేత భాష వచ్చు. పైకి మామూలు కబుర్లలా ఉంటుంది, లోపల వేరే సంగతి దాగి ఉంటుంది. మామూలుగా చెప్పడం కన్నా నాలుగింతల సమయం పడుతుంది. ఎండల గురించీ ఖర్జూరాల ధర గురించీ అక్కయ్య చాలాసేపు మాట్లాడింది. తీరా చూస్తే ఆ భాష దొంగలకే తెలుస్తుంది, మాలో దొంగ ఆవిడొక్కతే. నలుగురిలో మా ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు. పిల్లికి మాత్రం ఖర్జూరాల ప్రస్తావన నచ్చింది.

ఇక లెక్చరరు గారు గొంతు సవరించుకున్నారు. పాత్ర తయారుచేసుకునేటప్పుడు ఆయన అందరిలా ఎల్ఫుల భాష తీసుకోకుండా డ్రాగన్ల భాషైన డ్రాకోనిక్ ఎంచుకున్నారు. ఇన్నాళ్ళూ దాంతో పని పడలేదు. పెద్దవాళ్ళను వాళ్ళ భాషలో అడిగితే కాదనరని ఆయన నమ్మకం. "ఆర్యా, ఆలస్యమవుతోంది, సెలవిప్పించండి అని డ్రాకోనిక్‌లో అంటున్నాను" అన్నారు.

పరాయి దేశపు విమానాశ్రయంలో "మీరు తెలుగువాళ్ళా?" అని వినబడితే ఏమవుతుందో అక్కడ అదే అయింది. పిల్లి మీసాలు వణికాయట. గట్టు దిగి వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుందట. ఈ చుట్టుపక్కల డ్రాకోనిక్ మాట్లాడేది కోబోల్డులనే బల్లి మొహాల బుడ్డ జీవులేననీ, వాళ్ళ ఉచ్చారణ వింటే పొలుసులు రాలిపోతాయనీ, పిల్ల డ్రాగన్లకు ఈ భాష తప్ప మరొకటి రాని వయసులో తాను అల్లిన పద్యాలున్నాయనీ, వినిపిస్తాననీ అంది. అప్పటిదాకా ఒక భాషలో సాగిన సంభాషణ రెండు భాషల్లో సాగసాగింది. లెక్చరరు గారు కూడా మా పక్షాన మిగల్లేదు. డ్రాకోనిక్‌లో ద్వివచనం ఉందా అని ఆయనే ఎదురు ప్రశ్న వేశారు.

"దూరంగా ఉన్నవాళ్ళకు కబురు పంపే మంత్రం ఒకటుందే, పాతిక మాటలకు మించకూడదు. దీనితో ఆ మంత్రంలోనే మాట్లాడాలి" అని గొణిగాను. ఎవరూ పట్టించుకోలేదు.

బావ లేచి నిలబడ్డాడు. ఆటలోనూ, కుర్చీలోంచి కూడా. "మేం నడుస్తున్నాం. అంతే."

మేనల్లుడి ముఖంలో సంతోషం చూడాల్సింది. వాడు ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే. పిల్లి నిట్టూర్చిందన్నాడు. మరుక్షణం బావి లేదు, గట్టు లేదు, ఆకాశంలో సగం లేదు, ఉన్నదల్లా ఇత్తడి రంగు. డ్రాగన్ నోరు తెరిచింది. నిప్పు రాలేదు. ఇత్తడి డ్రాగన్లకు రెండు రకాల ఊపిరి ఉంటుంది, ఒకటి మంట, రెండోది నిద్ర. మాట్లాడదామనుకున్నవాళ్ళను ఎవరు తగలబెట్టుకుంటారు? తట్టుకోవాలంటే పాచికకు పాత్ర బలం కలిపి 21 రావాలి. బావకు కలిసేది 6, పడింది 14. నాది చెప్పుకోదగ్గ అంకె కాదు.

పది నిమిషాల తరువాత మెలకువ వచ్చేసరికి నలుగురం మెడ దాకా ఇసుకలో ఉన్నాం.

"ఇది నీ కల్పన. పుస్తకం చూపించు" అన్నాడు బావ. మేనల్లుడు సిద్ధంగానే ఉన్నాడు. మాట మధ్యలో వెళ్ళిపోబోయినవాణ్ణి ఇత్తడి డ్రాగన్ నిద్రపుచ్చి, ఇసుకలో మెడ దాకా పాతి, తన కబుర్ల దాహం తీరేదాకా మాట్లాడవచ్చని ఉంది. పది నిమిషాల్లో నలుగురిని పాతడం ఎలా సాధ్యమని బావ అప్పీలుకు వెళ్ళాడు. తవ్వుకుంటూ పోవడంలో ఆరు సెకన్లకు 40 అడుగులు దాని వేగమని తేలాక అప్పీలు కొట్టివేశారు.

"ఎక్కడున్నాం? ఆ, తాతగారి కర్మ" అంది డ్రాగన్, నాయనమ్మ గొంతుతోనే.

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఎవరూ లేవలేదు. ఇసుకలో ఉన్నామని మాకు అంతగా నమ్మకం కుదిరిపోయింది.

అంతవరకు నోరు మెదపని అక్కయ్య అప్పుడు అందుకుంది. "దాహం తీరితే వదులుతుంది కదా? అయితే తీరుద్దాం" అని, మా దొంగల సంఘం సంగతి వినమంది. సంఘం భవనంలో ఎనిమిది అంతస్తులున్నాయట. నెల నెలా నిర్వహణ ఖర్చు ఎవరూ కట్టరట. మూడో అంతస్తు దొంగ తన గాడిదను పక్కవాడి స్థలంలో కట్టేస్తాడట. నీళ్ళ బండి తెప్పిస్తే కింది అంతస్తు వాళ్ళు ముందే పట్టేసుకుంటారట. కార్యదర్శి లెక్కలు చూపించడట, అడిగితే "మనమంతా దొంగలమే కదా" అంటాడట. మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశానికి ఎప్పుడైనా వెళ్ళినవారికి ఇందులో కల్పన ఎంతో తెలుస్తుంది.

డ్రాగన్ మొదట ఉత్సాహంగా విన్నది. "గాడిద ఎవరిది?" అని అడిగింది కూడా. అదే దాని కొంప ముంచింది. గాడిద యజమాని తోడల్లుడి దగ్గర మొదలుపెట్టి అక్కయ్య పైకప్పు కారడం దాకా వచ్చేసరికి మేనల్లుడు నాయనమ్మ గొంతు మరిచిపోయి మామూలు గొంతులోకి దిగాడు. తరువాత నీళ్ళు తాగాడు. ఆ తరువాత, "డ్రాగన్ కాస్త అలసినట్టు కనబడుతోంది" అన్నాడు.

"అలసిపోనీ. ఇంకా లిఫ్టు సంగతి చెప్పలేదు" అంది అక్కయ్య. ఆ లోకంలో లిఫ్టులుంటాయా అని ఎవరూ అడగలేదు.

"సరేనమ్మా, పొద్దుపోతోంది, మీరిక బయలుదేరండి" అంది డ్రాగన్. ఎనిమిది వందల ఏళ్ళ జీవితంలో ఆ మాట అనడం దానికి అదే మొదటిసారి అయి ఉంటుంది.

"కూర్చో" అంది అక్కయ్య, మెడ దాకా ఇసుకలో ఉండి.

డ్రాగన్ కూర్చోలేదు. గద్దగా మారి ఎగిరిపోయింది. మేం గెలిచామని బావ బల్ల చరిచాడు. వంటింట్లోంచి మాడిన పప్పు వాసన వచ్చింది. అప్పుడు గాని మమ్మల్ని ఇసుకలోంచి తీసేవాళ్ళు లేరన్న సంగతి లెక్చరరు గారికి తట్టలేదు. నలుగురి చేతులూ లోపలే ఉన్నాయి. ఆయన మంత్రాలకు చేతులు కావాలి. నేను పాడగలను, దానివల్ల ఇసుక కదలదు.

"ఒక రాబందు వచ్చి మీ ఎదురుగా వాలింది" అన్నాడు మేనల్లుడు, పుస్తకం సగం మూస్తూ.

అక్కయ్య తల పక్కకు వంచి మర్యాదగా అడిగింది. "ఏ ఊరండీ మీది?"

"అమ్మా, అది నిజంగా రాబందే."

"ఒట్టు?"

"ఒట్టు. వేషం కాదు."

"అయితే ఇంకా ప్రమాదం కదరా" అన్నాడు బావ.