ఆలస్యమే అమృతం

మృత సముద్రపు గ్రంథపు చుట్టల్ని, అంటే ఆ సముద్రం పక్క గుహల్లో దొరికిన పాతకాలపు యూదుల రాతల్ని, గుప్పిట్లో పెట్టుకుని నలభై ఏళ్లు నాన్చారని పండితుల్ని లోకం ఆడిపోసుకుంది. ఘోరమైన అన్యాయం. రెండు వేల ఏళ్లు గుహలో కిమ్మనకుండా పడున్న తోలుముక్కలకు లేని తొందర మనకెందుకట?

1952లో ఆ సముద్రం ఒడ్డునున్న కుమ్రాన్ నాలుగో గుహలో దాదాపు 15 వేల ముక్కలు బయటపడ్డాయి. ఆ పక్కనే శిథిలాలు తవ్వి, కొండలన్నీ గాలించిన పురావస్తు బృందానికి కాదు, ఎడారి సంచారులైన బెదూయిన్ల కంటపడ్డాయి. వాళ్ల తరఫున బేరమాడింది బెత్లెహేములో చెప్పుల పని చేసే కాండో. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక జోర్డాన్ దీనారు. తోలు విలువ తెలిసినవాడు మరి.

ఇక ఆ ముక్కల్ని చదివి అచ్చేయాల్సిన పండితుల కమిటీ. యూదుల రాతలు చదవాల్సిన ఆ బృందంలో ఒక్క యూదుడు కూడా లేడు. జోర్డాన్ ఏలుబడిలోని తూర్పు యెరూషలేములో రాజకీయం అలా ఉందంటారు గానీ, నేనైతే దాన్ని నిష్పక్షపాతం అంటాను. ముక్కల్ని సెలోటేపుతో అతికించారు. ఆ టేపు ఊడదీసే పని తర్వాతి తరానికి ఉపాధి అయింది. ఇంత ముందుచూపు ఎవరికుంటుంది? వాటాలు పంచుకున్నారు, కాలం చేసేటప్పుడు శిష్యులకు పొలం రాసిచ్చినట్టు రాసిచ్చారు. బయటివాళ్లు ఒక్క ఫొటో చూపించమన్నా గట్టు దాటనివ్వలేదు.

చివరికి 1991లో తొందరగాళ్లు గెలిచారు. ఏ మాట ఎక్కడెక్కడ వస్తుందో కమిటీ తన వాడకానికి రాసుకున్న పదసూచిక ఆధారంగా ఇద్దరు ఆసాములు కంప్యూటర్లో మూలాన్ని తిరిగి అల్లేశారు. అదే ఏడు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ తన దగ్గరున్న ఫొటోలు అందరికీ తెరిచేసింది.

అయినా అంత దాచాల్సిన రహస్యం ఏముందనుకున్నారు? ఆ ముక్కల్లోనే ఉన్న ఒక ఉత్తరం సంగతి చూడండి. మడిగా ఉన్న గిన్నెలోంచి మైల గిన్నెలోకి నీళ్లు వంపితే, ధార వెంట మైల పైకి పాకుతుందా? పాకుతుందనే ఆ ఉత్తరం తీర్పు. యెరూషలేములోకి కుక్కల్ని రానివ్వొద్దు, ఎముకలు కొరుకుతాయి. ఇలాంటివే ఇరవై చిల్లర పేచీలు. యేసు కాలానికి ముందే యూదులు ఏ విషయాల మీద విడిపోయారో ఇంత సూటిగా చెప్పే కాగితం మరొకటి లేదు. ఇది ఉందని పండితలోకానికి 1984లో చాటారు, అధికారికంగా అచ్చేసింది 1994లో. పదేళ్లే! కాస్త హడావుడి పడ్డారనే నా అభిప్రాయం.

ఈలోగా ఒక పత్రికవాళ్లు ఆగలేక, ఆ ఉత్తరం మీద పనిచేస్తున్న పండితుడు ఎలీషా కిమ్రోన్ ఖాళీలు పూరించి కూర్చిన 121 పంక్తుల్ని ఆయన్నడక్కుండా అచ్చేశారు. ఆయన కోర్టుకెక్కారు. 1993లో యెరూషలేము కోర్టు ఆయన మనోవేదనకు కూడా వెలకట్టి లక్ష షెకెళ్లు ఇప్పించింది. ఆ ఉత్తరం ఎవరు, ఎవరికి రాశారన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కిమ్రోన్ వేసిన అతుకులు ఎవరి సొత్తో మాత్రం 2000లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తేల్చేసింది.