తప్పంతా గాలిదేనా?

2025 ఫిబ్రవరి 17న టొరంటోలో ఒక రీజనల్ జెట్ దిగుతుండగా కుడివైపు చక్రాల కాలు విరిగి, రెక్క ఊడి, రన్‌వే మీదే తలకిందులైంది. లోపలున్న 80 మందీ బతికారు. అప్పటి గాలి వేగం 28 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), విసురు వచ్చినప్పుడు 35. ఇంకేముంది, ఈదురుగాలే కూల్చిందని సోషల్ మీడియా తేల్చేసింది. కెనడా దర్యాప్తు సంస్థ మాత్రం ప్రాథమిక నివేదికలో అంత తొందరపడలేదు. నేలను తాకే క్షణంలో విమానం నిమిషానికి సుమారు 1,100 అడుగుల వేగంతో కిందికి దిగుతోందని, కుడిపక్కకు ఒరిగి ఉందని రాసింది.

అది జెట్ కాబట్టి వార్త అయింది. రెండు, నాలుగు సీట్ల విమానాలు గాలిలో దిగుతూ రన్‌వే పక్కకు దూసుకుపోవడం అమెరికాలో మామూలే. ప్రొపెల్లర్ వంగుతుంది, ముక్కు చక్రం విరుగుతుంది, ప్రాణాలు పోవడం అరుదు. అందుకే ఎవరికీ పట్టదు. అక్కడి దర్యాప్తు నివేదికలు చూస్తే తరచూ కనిపించే కారణం ఒకటే: విసురుగాలిలో పైలట్ విమానాన్ని దిశ తప్పకుండా నిలపలేకపోయాడని. గాలి అందులో పరిస్థితి మాత్రమే.

శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172నే తీసుకుందాం. పక్కగాలి, అంటే రన్‌వేకి అడ్డంగా వీచే గాలి, 15 నాట్ల వరకు ఉన్నా దిగవచ్చని తయారీదారు పరీక్షించి చూపారు. ఇది చట్టపరమైన హద్దు కాదు, భరోసా అంతకంటే కాదు. ఆరితేరిన టెస్ట్ పైలట్ చేసి చూపించిన అంకె. గాలి 20 నాట్లు, విసురు 30, రన్‌వేకి 45 డిగ్రీల కోణంలో ఉందనుకోండి. ఏటవాలు గాలిలో కొంత భాగమే అడ్డంగా తగులుతుంది కాబట్టి సగటు లెక్కలో పక్కగాలి 14 నాట్లే, పర్వాలేదనిపిస్తుంది. విసురు లెక్కలో 21. విమానం నేలను తాకే సమయానికి ఏది వీస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా అంతర్జాతీయ పద్ధతిలో వాతావరణ నివేదికలో చెప్పే గాలి పది నిమిషాల సగటు. విసురు దానికంటే కనీసం 10 నాట్లు ఎక్కువైతేనే విడిగా రాస్తారు.

సగటుకూ విసురుకూ ఉన్న తేడాలో సగాన్ని దిగే వేగానికి కలుపుకోవాలని పైలట్లకు నేర్పుతారు. పై ఉదాహరణలో, మామూలుగా 65 నాట్లతో దిగే విమానం 70తో రావాలి. అయిదు నాట్లేగా అనిపిస్తుంది కానీ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 16 శాతం ఎక్కువ. విమానం రన్‌వే మీద తేలుతూ పోతుంది. కంగారుపడి ముక్కు కిందికి నొక్కితే ముందు చక్రం తగిలి ఎగురుతుంది. రెండో ఎగురు మొదటిదానికంటే ఘోరంగా ఉంటుంది.

అప్పుడు చేయాల్సింది గో-అరౌండ్, అంటే పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేవడం. చాలామంది చేయరు. దిగలేకపోయాడంటారేమోనన్న నామోషీ, పక్క సీట్లో స్నేహితుడు, ఎదురుగా కనిపిస్తున్న రన్‌వే, అన్నీ కిందికే లాగుతాయి. (అద్దె గంటల లెక్కన కట్టేవాళ్లకు మరో చక్కర్ ఖర్చు కూడా.) గో-అరౌండ్ కూడా తేలికేమీ కాదు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు) పూర్తిగా దించి ఉండగా ఒక్కసారిగా పవర్ ఇస్తే ముక్కు పైకి లేస్తుంది, విమానం ఎడమకు తిరుగుతుంది. సమయానికి ఆపకపోతే నేలకు దగ్గర్లోనే స్టాల్, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి. అలవాటు లేనివాడి చేతిలో ఇది హార్డ్ ల్యాండింగ్ (నేలకు గట్టిగా తగులుతూ దిగడం) కంటే ప్రమాదకరం.

మన పిల్లలు కమర్షియల్ లైసెన్స్ కోసం మన దగ్గరో అమెరికాలోనో 200 గంటలు ఎగురుతారు. ఆ గంటల్లో ఎన్ని గాలి ఉన్నప్పటివి? గాలి లేవకముందే, పొద్దున్నే ఎగరడం స్కూళ్లకు సౌకర్యం, విద్యార్థికి సుఖం. సోలో, అంటే విద్యార్థి ఒంటరిగా ఎగిరే విషయంలో అది సరైనదే. కానీ మధ్యాహ్నం గాలి లేచినప్పుడు, హద్దుల్లోపలే, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని దించకుండా పదేపదే గో-అరౌండ్ చేయించే తరగతులు తప్పనిసరి చేయాలి. లైసెన్స్ పరీక్షకు ముందు లాగ్‌బుక్‌లో వాటికో విడి లెక్క ఉండాలి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి ఇది పెద్ద ఖర్చు వ్యవహారమేమీ కాదు.