రౌండ్ సీలు లేని బోనఫైడ్ గారికి

మహారాజశ్రీ బోనఫైడ్ సర్టిఫికెట్ గారి దివ్య సముఖమునకు,

మర్రిగూడ మండలానికి చెందిన మాజీ హవల్దార్ ఒకడు చేతులు కట్టుకుని చేయు విన్నపము. నిన్న నల్లగొండలో తమరి మహిమ వల్ల పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగింటి దాకా లైన్లో నిలబడ్డాను. నిలబడటం నాకు కొత్త కాదు. 24 ఏళ్ళు దాని మీదే జీతం తీసుకున్నాను. కాకపోతే అక్కడ సెంట్రీ డ్యూటీకి రెండు గంటలకోసారి మనిషి మారేవాడు.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు మా అమ్మాయి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడెక్కడ చదివిందో, ఏడేళ్ళకూ తమరే వచ్చి సాక్ష్యం చెప్పాలన్నారు. తెచ్చాను. ఝాన్సీవి రెండు, అస్సాంది ఒకటి, పఠాన్‌కోట్‌వి రెండు, నల్లగొండవి రెండు. గడియారం సెంటర్లో మూడేసి సెట్లు జిరాక్స్ కూడా తీయించాను. కౌంటర్లో అబ్బాయి ఒక్కొక్కటే తిప్పుతూ అస్సాం కాగితం దగ్గర ఆగాడు. దొంగనోటును చూసినట్టు వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది నడవదు సార్."

"ఎందుకు బాబూ?"

"స్టాంపు స్క్వేరుగ ఉంది. రౌండ్ సీలు ఉండాలె."

అయ్యా, అందులో బడి పేరుంది, తేదీ ఉంది, ప్రిన్సిపాల్ సంతకం ఉంది. మా అమ్మాయి పేరు, నా పేరు, అన్నీ ఉన్నాయి. నాలుగు మూలలు ఎక్కువున్నాయి, అంతే. ఆ నాలుగు మూలల కోసం రెండు వేల కిలోమీటర్లకు పైన ప్రయాణం చేసి బ్రహ్మపుత్ర దాటి రమ్మంటారు. ఫోన్ చేస్తే అక్కడివాళ్ళు ఒకే మాట అన్నారు: "మా దగ్గర ఉన్న సీలు ఇదే సార్." మరి వాళ్ళ దగ్గర లేని సీలును నేనెక్కడ పుట్టించాలి? పక్కన నిలబడ్డ పెద్దమనిషి చెవిలో సలహా ఇచ్చాడు, స్టాంపులు చేసే షాపుకు పోతే అరగంట పని అని. 24 ఏళ్ళ సర్వీసులో శిక్ష పడ్డట్టు ఒక్క ఎర్ర ఎంట్రీ లేనివాణ్ణి, నీ గుండ్రదనం కోసం ఫోర్జరీ చేయమంటావా?

(ఏకవచనంలోకి దిగాను. క్షమించక్కర్లేదు.)

సైన్యం బదిలీకి మూవ్‌మెంట్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు నీ కూతురు ఎన్నో క్లాసు అని అడగదు. ఫీల్డ్ పోస్టింగు వస్తే నేను కొండ మీద, తల్లీపిల్లలు ఇంకెక్కడో ఫ్యామిలీ క్వార్టర్లో. సగం ఏడాదిలో టీసీ, కొత్త యూనిఫాం, కొత్త బెంచీ. ఇవన్నీ ఆ పిల్ల నోరెత్తకుండా పడింది. చివరికి సొంత జిల్లాకు వస్తే "నాన్ లోకల్" అన్నారు. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివితేనే లోకల్. 85 శాతం సీట్లు వాళ్ళవి. దీనికి రెండేళ్ళు తక్కువ. మిగిలిన 15 శాతంలో చూసుకొమ్మన్నారు. దానికి నేను పదేళ్ళు రాష్ట్రంలో ఉన్నట్టు చూపాలి, అదీ బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి. బయట అంటే ఎక్కడనుకున్నావు, దుబాయా?

నేను పద్దెనిమిదేళ్ళు తాగింది మర్రిగూడ నీళ్ళు. నోరు తెరిచి చూపిస్తానన్నాను. ఈ పళ్ళ మీది ఫ్లోరైడ్ మరకల కన్నా గట్టి రెసిడెన్స్ సర్టిఫికెట్ ఏ తహసీల్దార్ ఇవ్వగలడు? మా అమ్మాయి పళ్ళు తెల్లగా ఉన్నాయి. దాని నేరం అదే.

సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు చదివింది విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఇప్పుడది పక్క రాష్ట్రం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో తలపడి ప్రాణమిచ్చినప్పుడు ఆయన్ని ఎవరూ ఆరు నుంచి పన్నెండు దాకా ఎక్కడ చదివావని అడగలేదు. నువ్వైతే అడిగేదానివి.

ఫౌజీ పిల్లలకు చాలా చేస్తున్నామంటారు. చేస్తున్నారు, కాదనను. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లవాడికి 2,500. దేశం మొత్తం మీద ఏడాదికి 5,500 మందికి. హవల్దార్, ఆ కింది ర్యాంకుల మాజీల పిల్లలకు, ఇద్దరి దాకా, నెలకు 2,000 రూపాయల గ్రాంటు. సర్వీసులో ఉండగా పిల్లల చదువు భత్యం చివరి నెలల్లో 2,812 రూపాయల 50 పైసలు వచ్చింది (ఆ అర్ధరూపాయి ఎవరు లెక్కగట్టారో చూడాలని ఉంది). కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లల కోటా 2 శాతం. ఏ గుమ్మానికి పోయినా ముందు నువ్వే కర్ర పట్టుకుని కూర్చుని ఉంటావు. సాయం లోపల, నువ్వు వాకిట్లో. బస్సు మారినట్టు బళ్ళు మారిన పిల్లకు ధైర్యం చెప్పే మనిషిని ఒక్కణ్ణి పెట్టి ఉంటే బాగుండేది. పెట్టలేదు. నిన్ను పెట్టారు.

నాలుగింటికి కౌంటర్ మూశారు. మర్రిగూడ బస్సులో అమ్మాయి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఏడు కాగితాలూ మంచం మీద పరిచింది. ఏడుస్తుందేమోనని తలుపు దగ్గరే నిలబడ్డాను. అస్సాం కాగితం చేతిలోకి తీసుకుని, "నాన్నా, ఈ బళ్ళో తొమ్మిది నెలలే ఉన్నా. వచ్చేటప్పుడు నా బెంచీ పిల్ల గమోసా ఇచ్చింది, ఆ అస్సాం తువ్వాలు, గుర్తుందా?" అంది. గుర్తుంది. నల్ల ట్రంకు పెట్టెలో నిన్ను పడుకోబెట్టేది ఆ గమోసా మీదే. ఝాన్సీ ఎండలు, పఠాన్‌కోట్ చలి, ఆ తొమ్మిది నెలలు, అన్నీ వరుసగా ఉన్నది ఆ ఏడు కాగితాల్లోనే. ఫొటోలు ఫోన్‌తో పాటు పోయాయి. నువ్వు మిగిలావు. అందుకే చింపలేకపోయాను, లేకపోతే నిన్న బస్సు కిటికీలోంచే పోయేదానివి.

ఆ అస్సాం బడికి అమ్మాయి హిందీలో చక్కని అర్జీ రాసింది. రేపు పొద్దున స్పీడ్ పోస్టు చేస్తున్నాను. లోపల నా అడ్రసు రాసి, స్టాంపులంటించిన కవరు కూడా పెట్టాను.

ఈసారి గుండ్రంగా రా.

ఇట్లు,
మీ లోకల్ కాని లోకల్,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా